పాస్‌బుక్కు మీద అమ్మ పేరు

(ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో, సంఘ కార్యదర్శి తన తల్లిగారి ప్రథమ వర్ధంతి సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



మా అమ్మ పోయి నేటికి ఏడాది. ఆమెను గురించి నాలుగు మాటలు చెప్పమని అధ్యక్షులవారు ఆదేశించారు. కొడుకు తల్లిని పొగడటం పెద్ద విశేషం కాదు. అందుచేత నేను పొగడను. ఈ సంఘంలో ఆమె మొదలుపెట్టిన ఒక పని గురించి మాత్రమే చెబుతాను. ఆ పని ఇంకా పూర్తి కాలేదు గనుక మీతో చెప్పవలసి ఉన్నది.

దేశంలో 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైంది. మన రాష్ట్రంలో 1974లో పాడిపరిశ్రమాభివృద్ధి కార్పొరేషన్, 1981లో సహకార ఫెడరేషన్ ఏర్పడ్డాయి. ఆ తరువాత కొన్నేళ్లకు మన ఊరికి సంఘం వచ్చింది. మా నాన్న బ్యాంకు అప్పుతో రెండు బర్రెలు తెచ్చాడు. సభ్యుల రిజిస్టరులో నాన్న పేరు ఎక్కింది. పాస్‌బుక్కు మీదా ఆయన పేరే.

కాని నాలుగు గంటలకు లేచేది అమ్మ. పేడ తీసేది, గడ్డి కోసుకొచ్చేది, కుడితి కలిపేది, పాలు పిండేది, క్యాను నెత్తిన పెట్టుకొని కేంద్రానికి నడిచేది అమ్మ. పక్షానికొకసారి పాల బిల్లు తీసుకొనేది మాత్రం నాన్న. ఆ రోజుల్లో ఇందులో తప్పేముందని ఎవరికీ తోచలేదు. అమ్మకూ తోచలేదు.

మా నాన్న చెడ్డవాడు కాదు. తాగుడు లేదు, జూదం లేదు. అప్పంటే భయం, అంతే. కంతు తప్పుతుందేమోనని పూటపూటకూ చీటీ చూసేవాడు. అందువల్ల ఇంట్లో చుక్క పాలు మిగిలేవి కావు. సంఘం రాకముందు మా ఇంట్లో పెరుగుండేది. సంఘం వచ్చాక పలుచని మజ్జిగే మిగిలింది. ఇదిగో, ముందు వరుసలో కూర్చున్న మా చెల్లెలికి అప్పుడు మూడేళ్లు. అంగన్‌వాడీలో తూకం వేసిన టీచరమ్మ, పిల్ల వయసుకు తగిన బరువు లేదని చెప్పి, “పాడి ఉన్న ఇంట్లో బిడ్డ ఇట్లా ఉండటమేమిటమ్మా?” అని అడిగింది.

ఆ మాట అమ్మకు ములుకులా గుచ్చుకుంది. మరునాటి పొద్దున ఒక గ్లాసు పాలు తీసి చెల్లెలికి పట్టి, మిగిలినవి కేంద్రంలో పోసింది. చీటీలో పాలు తగ్గాయి. నాన్న అడిగాడు. అమ్మ ఉన్నమాట చెప్పింది.

“బిల్లు తగ్గితే బ్యాంకువాళ్లకు నువ్వు సమాధానం చెబుతావా?” అన్నాడు నాన్న.

“చెబుతా. పుస్తకం నా పేర రాయించు” అన్నది అమ్మ.

ఆ సాయంత్రమే కోడిపెట్టను అమ్మి పది రూపాయల వాటా ధనం, రూపాయి ప్రవేశ రుసుము కొంగున కట్టుకొని ఈ ఆఫీసుకే వచ్చింది. మగదిక్కు ఉండగా ఆడవాళ్ల పేరెందుకని ఇక్కడి పెద్దలు నవ్వారు. బైలా చదివి వినిపించమన్నది అమ్మ. ఆమెకు అప్పటికి సంతకం రాదు. వాళ్లు చదివారు. “పాడి ఉండాలని ఉంది, పాలు పోయాలని ఉంది, వాటా కట్టాలని ఉంది. మీసాలుండాలని ఎక్కడుంది?” అని అడిగింది. నాన్న మూడు రోజులు అమ్మతో మాట్లాడలేదు. నాలుగోనాడు తానే వచ్చి, “దాని పేరే రాయండి” అని చెప్పి వెళ్లాడు.

సోదర సభ్యులారా, పేరు మారినందువల్ల ఏం జరిగిందో చెబుతాను. బిల్లు అమ్మ చేతికి వచ్చింది. మొదట కంతు కట్టింది, తరువాత దాణాకు ఇచ్చింది, ఆ పైన ఇల్లు నడిపింది. కంతు ఒక్కటి తప్పలేదు. చివరి ధారల్లోనే వెన్న ఎక్కువని, పొదుగు పూర్తిగా పిండాలని సూపర్‌వైజరు చెప్పిన మాట విని, గ్లాసు పాలు తగ్గిన నష్టాన్ని వెన్న శాతంలో కొంత రాబట్టుకుంది. చెల్లెలి గ్లాసు మాత్రం ఆగలేదు.

ఆ తరువాత అమ్మ తన ఇంటితో ఊరుకోలేదు. జీతం లేదు, భత్యం లేదు. మధ్యాహ్నం పూట ఇల్లిల్లూ తిరిగేది. దూడ పుట్టిన ఇంటికి వెళ్లి, రెండు గంటలలోపు దానికి జున్నుపాలు తాగించండి, రోగాన్ని తట్టుకొనే శక్తి దానికి అందులోనే వస్తుంది, దాని కడుపు నిండాకనే మనకు జున్ను అని చెప్పేది. తొలకరికి ముందే గొంతువాపు టీకాల రోజు వాడవాడకూ చాటేది. పిల్లలకు విరేచనాలైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి కొలిచి కలపటం దగ్గరుండి చూపించేది. లేచేముందు ప్రతి ఇంట్లోనూ ఒకే ప్రశ్న వేసేది: “పుస్తకం ఎవరి పేరున ఉందమ్మా?”

ఆమె తిరిగి వచ్చేసరికి మాకు చల్లారిన అన్నమే దిక్కు. నేనెన్నోసార్లు విసుక్కున్నాను. ఇప్పుడు చెప్పుకోవటానికి సిగ్గుపడటం లేదు.

అన్ని ఇళ్లలోనూ ఆమె మాట చెల్లలేదు. “మా ఇంట్లో చిచ్చు పెట్టకు” అని గుమ్మంలోనే నిలబెట్టి పంపినవారున్నారు. ఆమె బ్రతికుండగా పదిహేడు ఇళ్లలో పేర్లు మారాయి. మిగిలిన ఇళ్ల లెక్క కూడా ఆమెకు కంఠతా ఉండేది.

మహిళలకు పాడిలో శిక్షణ, ఉపాధి కల్పించే కేంద్రప్రభుత్వ పథకం 1987లో వచ్చింది. 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ముల్కనూరులో మహిళలు 2002లో తమ సొంత డెయిరీని నెలకొల్పుకున్నారు. సభ్యులూ మహిళలే, పాలకవర్గమూ మహిళలే. ఆ సంగతి నేను చదివి వినిపిస్తే అమ్మ ఆశ్చర్యపోలేదు. “పిండేవాళ్లే గదా నడుపుతున్నారు, అందులో వింతేముంది?” అన్నది.

ఇక అసలు విషయానికి వస్తాను. కార్యదర్శిగా నేను మొన్న మన రిజిస్టరు ముందు పెట్టుకొని, ఎదురుగా పాలు పోసే వరుసను చూశాను. వరుసలో నిలబడ్డవారిలో ఎక్కువమంది స్త్రీలు. రిజిస్టరులో ఎక్కువ పేర్లు మగవారివి. సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యునికి ఒక ఓటు. ఆ ఓటు పాలు పిండే చేతికి లేదు. ఇప్పుడు బిల్లు బ్యాంకు ఖాతాలోనే పడుతున్నది, మంచిదే. కాని ఆ ఖాతా ఎవరిది? పాస్‌బుక్కు ప్రశ్నే వేషం మార్చుకొని మళ్లీ మన ముందుకు వచ్చింది.

కనుక ఈ సమావేశం ముందు ఒక తీర్మానం ఉంచుతున్నాను. వచ్చే మూడు నెలల్లో మన సంఘం ఇల్లిల్లూ తిరిగి, పాలు పిండి పోసేవారి పేరు సభ్యత్వంలోనూ, బిల్లు ఖాతాలోనూ ఉన్నదా లేదా విచారించాలి. లేనిచోట, ఇంటివారి సమ్మతితో మార్పించాలి. బలవంతం వద్దు. మా నాన్నకు మూడు రోజులు పట్టింది. కొందరికి మూడు నెలలు పట్టవచ్చు.

అమ్మకు విగ్రహం వద్దు, ఫొటోకు దండ చాలు. ఆమె చెప్పిన మాటను మాత్రం కేంద్రం గోడ మీద రాయించమని పాలకవర్గాన్ని వేడుకుంటున్నాను: “దూడకు ఒక చన్ను, బిడ్డకు ఒక గ్లాసు, మిగిలింది సంఘానికి.” బిడ్డ గ్లాసు గురించి నిర్ణయించేది పాస్‌బుక్కు ఎవరి చేతిలో ఉన్నదో వారేనని మా ఇంట్లో నేను కళ్లారా చూశాను.

తీర్మానాన్ని బలపరచవలసిందిగా మిమ్మల్నందరినీ కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.