గుండె, గుర్దా జబ్బులు - పరీక్షల అవసరం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లము కాము, బడిపంతులము. ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పుకునేవాళ్లము కాబట్టి తెలుగులో తప్పులు దొర్లితే మన్నించాలి. అయినా ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పడానికి ఒప్పుకున్నామంటే, మా కళ్లముందు జరిగిన సంగతి ఒకటి ఉంది.

మాతోపాటు పనిచేసిన ఒక మాస్టర్ సాబ్‌కు సాయంత్రమయ్యేసరికి పాదాలు వాచేవి. "రోజంతా నిలబడితే కాళ్లు వాచక ఏమవుతాయి భాయ్" అని నవ్వేసేవారు. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు రెండేళ్లు మింగారు. బీ.పీ. ఉందని ఒకసారి చెప్పారట. నెల రోజులు మందు వాడి, తలనొప్పి తగ్గిందని మానేశారు. చివరికి ఆయాసంతో రాత్రిళ్లు పడుకోలేక లేచి కూర్చునే పరిస్థితి వచ్చాక రక్తపరీక్ష చేయిస్తే, క్రియాటినిన్ 7 దాటింది. అప్పటినుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. తప్పు ఆయన ఒక్కరిదే కాదు. రోజూ ఆ వాపు చూసిన మేము కూడా ఒక్కసారి పరీక్ష చేయించుకోమని అనలేదు. ఆ మాట ఇప్పటికీ మా మనసులో ముల్లులా ఉంది.

గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. మన ఇళ్లలో గుర్దాలు అని పిలిచే మూత్రపిండాలు రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల నీటిని రక్తంలోంచి వడగడతాయి. అందులో పనికొచ్చేదంతా మళ్లీ రక్తంలోకి పంపి, ఒకటి రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా వదులుతాయి. ఈ రెండు అవయవాలూ ఒక బండికి కట్టిన జోడెడ్ల వంటివి. గుండె బలహీనపడితే గుర్దాలకు చాలినంత రక్తం అందదు. గుర్దాలు చెడితే ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచిపోయి, బీ.పీ. పెరిగి, గుండె మీద బరువు పడుతుంది. పాదాల వాపు, ఆయాసం రెండింటిలోనూ వస్తాయి. అది దేనివల్లనో కంటితో చూసి చెప్పలేము. పరీక్షే చెప్పాలి.

మొదటిది బీ.పీ. పరీక్ష. చేతికి పట్టీ చుట్టి చూసే పద్ధతిని 1896లో ఇటలీ డాక్టరు రివా రోచీ కనిపెట్టారు. 1905లో రష్యా డాక్టరు కొరొట్‌కోవ్ చెవితో చప్పుడు విని కొలిచే పద్ధతి చెప్పారు. ఇప్పటికీ ఇదే అన్నిటికంటే చౌక, అన్నిటికంటే ముఖ్యం. మెట్లెక్కి వచ్చి వెంటనే చూపించుకోకూడదు. అరగంట ముందు చాయ్, సిగరెట్టు మానాలి. అయిదు నిమిషాలు నిమ్మళంగా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తున ఆనించి చూపించుకోవాలి. ఒకటికి రెండుసార్లు వేర్వేరు రోజుల్లో 140/90 గానీ, అంతకు మించి గానీ వస్తే డాక్టరును కలవాలి.

రెండవది షుగరు పరీక్ష. గుర్దాలు చెడిపోవడానికి పెద్ద కారణాలు షుగరు, బీ.పీ. ఈ రెండే.

మూడవది మూత్రంలో అల్బుమిన్ పరీక్ష. వడపోత చెడిపోవడం మొదలవగానే, రక్తంలో ఉండవలసిన ఈ మాంసకృత్తి మూత్రంలోకి జారుతుంది. మనిషికి ఏ బాధా తెలియని రోజుల్లోనే ఈ పరీక్ష దొంగను పట్టిస్తుంది.

నాల్గవది రక్తంలో క్రియాటినిన్. ఇది కండరాలనుంచి పుట్టే వ్యర్థం. ఇక్కడ ఒక మోసం ఉంది. గుర్దాల పని దాదాపు సగం తగ్గేదాకా ఈ అంకె మామూలుగానే కనిపించవచ్చు. అందుకే వయసునూ, ఆడా మగా అన్నదాన్నీ కలిపి లెక్కకట్టి రిపోర్టులో ఇ.జి.ఎఫ్.ఆర్. అని వేస్తారు. అది మూడు నెలలకు పైగా 60కి తక్కువ ఉంటే గుర్దా జబ్బు ఉన్నట్లే. 15కు దిగితే డయాలసిస్ మాట వస్తుంది.

ఇక గుండె సంగతి. ఇ.సి.జి. యంత్రానికి రూపమిచ్చిన హాలండు శాస్త్రజ్ఞుడు ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఇ.సి.జి. బాగుందంటే గుండె నిక్షేపంగా ఉందని అర్థం కాదు. నొప్పి లేని వేళ తీస్తే రక్తనాళాల్లో అడ్డు ఉన్నా తెలియకపోవచ్చు. గుండె ఏపాటి బలంగా కొట్టుకుంటోందో ఎకో చూపిస్తుంది. గుండెపోటు అని అనుమానం వస్తే రక్తంలో ట్రోపోనిన్ చూస్తారు. నాళాల్లో అడ్డు ఎక్కడుందో యాంజియోగ్రాంలో తేలుతుంది. షుగరు ఉన్నవారికీ, ఆడవారికీ ఛాతీనొప్పి లేకుండానే ఆయాసం, చెమట, దవడనొప్పి మాత్రమే రావచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి. 108కి ఫోన్ చేయండి.

షుగరు, బీ.పీ. లేవు కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆ రెండూ లేని రైతులకు, కూలీలకు కూడా గుర్దాలు చెడిపోతున్నాయి. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అక్కడి జనం కోసం 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు.

"పరీక్ష చేయిస్తే లేనిపోని జబ్బు బయటపడుతుంది" అనేవారు మనలో చాలామంది. మేము పంతులము కాబట్టి బడి మాటే చెబుతాము. పరీక్ష పెట్టినందువల్ల పిల్లవాడు మొద్దు కాడు. మూడు నెలల పరీక్షలో తెలిస్తే దిద్దుకోవచ్చు, వార్షిక పరీక్షలో తెలిస్తే ఏడవడమే మిగులుతుంది. గుర్దా జబ్బు ముందే తెలిస్తే మందులతో, ఉప్పు తగ్గించి, నొప్పి మాత్రలు, పేరు తెలియని పసరులు, భస్మాలు మాని, ఏళ్ల తరబడి కాపాడుకోవచ్చు. ఆలస్యమైతే డయాలసిస్. దానికి ప్రభుత్వ పథకాలు ఉన్నాయి, నిజమే. కానీ వారానికి మూడు రోజుల కూలి ఎవరిస్తారు?

రంజాను గురించి ఒక మాట. మందులు వాడుతున్నవారు నెల ముందే డాక్టరును అడగండి. మాత్రలు మీ అంతట మీరు మానకండి. రోగికి రోజా నుంచి మినహాయింపు ఖురానులోనే ఉంది. చికిత్స చేయించుకోమన్నది ప్రవక్తగారి బోధే.

చివరిగా సంఘానికి మా మనవి. ఏడాదికి రెండుసార్లు జుమా నమాజు తర్వాత బీ.పీ., షుగరు, మూత్ర పరీక్షలు పెట్టిద్దాము. ఆడవారికి వేరే రోజు, లేడీ డాక్టరుతో ఏర్పాటు చేద్దాము. ముప్పై దాటిన ప్రతి ఒక్కరి పేరూ ఒక రిజిస్టరులో రాద్దాము. రిపోర్టు ఇంగ్లీషులో వస్తే ఉర్దూలో, తెలుగులో రాసిచ్చే పని మా పంతుళ్లది. మొదటి పేరుగా మా పేరే రాయండి. మొన్ననే చూపించుకున్నాము, బీ.పీ. 150/96 వచ్చింది. మందు మొదలుపెట్టాము.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.