ఓడ జాబితాలో ఊరి పేరు

1860 నవంబరు 16న మద్రాసు నుంచి కూలీలతో వెళ్లిన ట్రూరో ఓడ దక్షిణాఫ్రికాలోని దర్బన్ చేరింది. అలా 1911 వరకూ అక్కడి నటాల్ చెరకు తోటలకు పోయిన కూలీల్లో విశాఖపట్నం జిల్లా తెలుగువాళ్లూ ఉన్నారు. ఓడ జాబితాలో కూలీ నంబరు, తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు సైతం రాసేవారు. ఆ కూలీల మునిమనవలకు పూర్వీకుల ఊరు వెతకడానికి ఇప్పుడు అవే ఆధారం.

ఒక మాట గట్టిగా చెప్పాలి. అప్పటి విశాఖపట్నం జిల్లాలో జయపురం జమీందారీ, కోరాపుట్, రాయగడ, గుణుపురం కూడా కలిసి ఉండేవి. 1936 ఏప్రిల్ 1న అవి ఒడిశాలోకి వెళ్లాయి. రాయగడ 1992లో విడి జిల్లా అయింది. కాబట్టి ఆంధ్రా మ్యాపులో ఊరు కనిపించలేదని వెతకడం ఆపకండి. ఇంగ్లీషులో రాసిన పేరును పైకి చదివి, ఈ వైపు ఒడిశా ఊళ్లతోనూ పోల్చి చూడండి. ఇక్కడి పెద్దలారా, ఓడెక్కి తిరిగిరాని తాతల పేర్లు మీకు గుర్తుంటే, దయచేసి ఇవాళే రాసిపెట్టండి.