మన వీడియోకు కత్తెర మన చేతుల్లోనే ఉండాలి

(గూడేల్లో వీడియోలు తీస్తున్న యువత కోసం చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మన గూడేల్లో కెమెరాకు కొదవ లేదు. ఫోన్ ఉంటే కెమెరా ఉన్నట్టే. పోడు భూమిలో కందకం తవ్వడానికి జేసీబీ వచ్చిందంటే పది ఫోన్లు పైకి లేస్తయి. కానీ ఆ పది వీడియోలు తర్వాత ఏమైపోతున్నయి? వాట్సాప్‌లో తిరిగి తిరిగి మసకబారిపోతయి. లేదంటే ఎవరో అందులోంచి పదిహేను సెకన్లు కోసుకొని "అధికారులపై గిరిజనుల దాడి" అని వేస్తరు. అంతకుముందు అరగంట సేపు మన అవ్వ పట్టా కాగితం చూపిస్తూ బతిమాలిన ముక్క అందులో ఉండదు. తీసింది మనం, కోసింది వాళ్లు. అర్థం మారింది కోసిన దగ్గరే.

అందుకే ఎడిటింగ్ గురించి మాట్లాడుకుందాం. డబ్బులు పెట్టకుండా దొరికే పనిముట్లు ఏమున్నాయో, వాటితో పాటు ఏ జాగ్రత్తలు కావాలో చెప్తా.

మొదటి మాట: అసలు ఫైలును ముట్టుకోవద్దు. ఫోన్‌లో తీసింది తీసినట్టే ఒక మెమరీ కార్డులోకో హార్డ్ డిస్కులోకో కాపీ చేయండి. ఇంకో కాపీ వేరే ఊళ్లో, వేరే ఇంట్లో పెట్టండి. ఎడిటింగ్ ఎప్పుడూ కాపీ మీదే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో కుదించుకుపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారనే లోపలి వివరాలు కూడా పోతాయి. పంపక తప్పకపోతే "డాక్యుమెంట్" కింద పంపండి.

ఎందుకింత పట్టుదల అంటారా? 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 63 ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డు కాపీని కోర్టులో పెట్టాలంటే దాంతో ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ పత్రం నమూనాలో హాష్ విలువ రాయమని ఉంది. హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. వీడియోలో ఒక్క ఫ్రేము మారినా ఆ విలువ మొత్తం మారిపోతుంది. సెవెన్-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి హాష్ తీయొచ్చు. వీడియో తీసిన రోజే తీసి, తేదీతో, తీసిన మనిషి పేరుతో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఐదు నిమిషాల పని, ఏళ్ల తర్వాత అక్కరకొస్తది.

అటవీ హక్కుల చట్టం, 2006 సంగతీ అంతే. నిబంధన 13 ప్రకారం ఊళ్లోని పాత బావులు, శ్మశానాలు, దేవతా స్థలాలు, పొలంలో చదును చేసిన నేల, వేసిన గట్లు, హక్కుదారు కాని పెద్దల వాంగ్మూలం సాక్ష్యాలుగా పనికొస్తాయి. పెద్దల మాటను రాతపూర్వకంగా పెట్టాలని అక్కడే ఉంది. వీడియో ఒక్కటే చాలదు. కానీ తాత చెప్పింది రికార్డు చేసుకుంటే, తర్వాత కూర్చొని ఒక్క మాట పోకుండా రాయొచ్చు. గ్రామసభ అడిగితే చూపించొచ్చు.

ఇక పనిముట్లు. కంప్యూటర్ పాతదైతే షాట్‌కట్ గానీ కేడెన్‌లైవ్ గానీ వేసుకోండి. రెండూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లే. డబ్బులు అడగవు, వీడియో మీద వాళ్ల ముద్ర వేయవు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తాయి. వీటిలో "ప్రాక్సీ" అనే సౌకర్యం ఉంది. పెద్ద వీడియోకు చిన్న నకలు తయారుచేసి, ఎడిటింగ్ దాని మీద చేయించి, చివర్లో అసలు క్లిప్పుతో ఫైలు కడుతుంది. కంప్యూటర్ ఆగి ఆగి నడుస్తుంటే ముందు ఇది ఆన్ చేయండి.

కంప్యూటర్ బలంగా ఉంటే డావిన్చీ రిజాల్వ్ ఉంది. సినిమాల్లో రంగులు దిద్దడానికి వాడేది. దాని ఉచిత రూపమే మన పనికి ఎక్కువ. తయారుచేసిన కంపెనీయే శిక్షణ పుస్తకాలు, సాధన కోసం క్లిప్పులు ఉచితంగా పెట్టింది. కానీ మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే మొరాయిస్తది. లినక్స్‌లో ఉచిత రూపం ఫోన్ వీడియోలను నేరుగా తీసుకోదు. అది తెలియక రాత్రంతా కుస్తీ పట్టకండి.

ఫోన్ వీడియోలతో ఇంకో తంటా ఉంటది. ఎడిటింగ్‌లో పెట్టాక పెదాలు ఒకటి, మాట ఒకటి అయిపోతాయి. ఫోన్ వెలుతురును బట్టి సెకనుకు ఎన్ని ఫ్రేములో మారుస్తూ తీస్తుంది, అదీ కారణం. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో "కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్" ఎంచుకొని కాపీని మార్చుకుంటే సరి. గాలి హోరు, జనరేటర్ చప్పుడు తగ్గించాలంటే ఆడాసిటీ ఉంది. కొంతే తగ్గించండి, ఎక్కువ తగ్గిస్తే మనిషి నీళ్లలోంచి మాట్లాడినట్టు వినిపిస్తది.

ఇక భాష. మన అవ్వలు గోండిలో మాట్లాడితే గోండిలోనే ఉంచండి. కొలామీ అయితే కొలామీలోనే. పైన తెలుగు గొంతు పెట్టి వాళ్ల గొంతు ముంచొద్దు. కింద తెలుగు అక్షరాలు వేయండి. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత పనిముట్టుతో ఇది చేయొచ్చు. సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోండి, లేకుంటే అక్షరాల బదులు పిచ్చి గీతలు వస్తాయి. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లలో తెలుగు ఒత్తులు, గుణింతాలు విడిపోతాయి. ఒక్క వాక్యం వేసి చూసుకోండి. విడిపోతే ఆ అక్షరాలను ఇంక్‌స్కేప్‌లో బొమ్మగా చేసి వీడియో మీద పెట్టండి. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. నోటో ఫాంట్లలో ఆ లిపి ఉచితంగా దొరుకుతుంది. వీడియో పేరు మన లిపిలో పడితే ఎట్లుంటదో వేసి చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం ముఖాలు. మీరు పోస్టు చేసిన వీడియోను మన వాళ్లే కాదు, కేసులు పెట్టాలనుకునేవాళ్లూ చూస్తారు. ధర్నాలో ఎవరెవరున్నారో మనమే లెక్క రాసిచ్చినట్టు కావొద్దు. మాట్లాడిన ప్రతి మనిషినీ అడగండి: "ముఖం చూపించమంటారా? ఊరి పేరు వేయమంటారా? రేపు టీవీలో వచ్చినా పర్వాలేదా?" వద్దంటే వద్దే. పైపైన మసక చేస్తే ఆకారాన్ని బట్టి గుర్తుపడతారు, నల్ల దిమ్మ పెట్టడం మేలు. గొంతును సాఫ్ట్‌వేర్‌తో మారిస్తే దాన్ని తిరిగి సరిచేసేవాళ్లుంటారు. వేరే మనిషితో ఆ మాటలు చదివించండి. ముఖం కప్పడం అప్‌లోడ్‌కు ముందే జరగాలి. లైంగిక హింసకు గురైన మహిళల, పిల్లల గుర్తింపు బయటపెట్టడం చట్టం ప్రకారం నేరం. అక్కడ ఊరి పేరు, బడి పేరు, ఇంటి ముంగిలి కూడా కనపడొద్దు.

సంగీతం దగ్గర కూడా ఆగి ఆలోచించండి. సినిమా పాట పెడితే యూట్యూబ్ దాన్ని పసిగడుతుంది. వీడియో ఆగిపోవచ్చు, దానిమీద వచ్చే డబ్బు పాట హక్కుదారుకు పోవచ్చు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది. క్రియేటివ్ కామన్స్ గుర్తున్నవీ వాడొచ్చు, కానీ ఏ గుర్తో చూడండి. "బీవై" అంటే పేరు చెప్పి వాడుకోవచ్చు. "ఎన్‌డీ" అంటే మార్చకూడదు, అంటే మన ఎడిటింగ్‌కు పనికిరాదు. అసలు మన డోలు, మన కిక్రి ఉండగా బయట వెతుకులాట ఎందుకు? వాయించిన వాళ్లను అడిగి, పేరు వేసి వాడండి. దేవర పూజల వాయిద్యం, పాట మాత్రం పటేల్‌తో, పూజారితో మాట్లాడకుండా పెట్టొద్దు. ఇంటర్నెట్‌లోకి ఒకసారి పోయింది మళ్లీ గూటికి రాదు.

చివరిగా ఒక ముచ్చట. బ్రెజిల్‌లో 1986లో "వీడియో నాస్ అల్దేయాస్" అనే పని మొదలైంది. ఊళ్లలో వీడియో అని దాని అర్థం. విన్సెంట్ కరెల్లీ అనే ఆయన నంబిక్వారా ఆదివాసుల పండుగను తీసి, వాళ్లకే చూపించాడు. బయటి బట్టల్లో కనపడిన తమ రూపం వాళ్లకు నచ్చలేదు. పండుగను మళ్లీ తమ పద్ధతిలో చేసుకున్నారు. చాలా ఏళ్లుగా మానేసిన ముక్కు, పెదవి కుట్టించుకునే ఆచారాన్నీ తిరిగి పట్టుకున్నారు. తర్వాత కెమెరాలు, ఎడిటింగ్ ఆదివాసీ యువత చేతికే వచ్చాయి. ఊరు ముందు చూసింది, ఏది ఉండాలో ఊరే చెప్పింది.

మనమూ అదే చేద్దాం. ఎడిట్ అయ్యాక, అప్‌లోడ్‌కు ముందు, ఒక సాయంత్రం గూడెం నడుమ తెల్లబట్ట కట్టి చూపించండి. ప్రొజెక్టర్ లేకుంటే ల్యాప్‌టాప్ చాలు. "నా మాట సగంలో కోసినవ్ బిడ్డా" అని అవ్వ అంటే, వెనక్కి పోయి ఆ సగం కలపండి. లైకులు రెండ్రోజులు ఆలస్యమైతే ఏం పోదు.

ఈ వారం ఒక్క పని పెట్టుకోండి. మీ ఊళ్లో ఇప్పటిదాకా తీసిన వీడియోలు ఎవరెవరి ఫోన్లలో ఉన్నాయో అడిగి, అసలు ఫైళ్లు ఒక్కచోట చేర్చండి. ఫోన్ పగిలిపోకముందే, ఎవరో గుంజుకోకముందే.

జల్, జంగల్, జమీన్. జోహార్.