తెరమీది చుక్కలు – ఆటలోని వేగము

ఇంటికి క్రొత్తగా లినక్స్ ల్యాప్‌టాప్ వచ్చినది. దాని తెర మిక్కిలి నాణ్యమైనది. అక్షరములు అచ్చు పుస్తకములోని వానివలె స్పష్టముగా నున్నవి. కాని పిల్లలు ఆట ప్రారంభించినంతనే బొమ్మలు ఆగి ఆగి కదలుచున్నవి, యంత్రము వేడెక్కుచున్నది, లోపలి ఫ్యాను హోరుమనుచున్నది. “ఇంత డబ్బు పోసి కొన్నది ఇందుకేనా?” అని పెద్దలు విసుగుకొందురు. ఇంతకంటె ఖరీదైనది కావలెనని పిల్లలు పట్టుపట్టుదురు. ఆ తగవునకు ముందు మనమొక చిన్న లెక్క వేసి చూతము.

తెరపై కనబడు ప్రతి బొమ్మయు చుక్కల కూర్పే. వీనిని పిక్సెల్‌లందురు. 4కె అనబడు తెరలో అడ్డముగా 3840, నిలువుగా 2160 చుక్కలుండును, మొత్తము 82,94,400. ఫుల్ హెచ్‌డీ తెరలో 1920, 1080 చొప్పున 20,73,600 మాత్రమే. అనగా సరిగా నాలుగవ వంతు. వాకిట చుక్కల ముగ్గు వేయువారికి ఈ సంగతి తేలికగా బోధపడును. వరుసకు 4 చుక్కలుగా 4 వరుసలు పెట్టిన 16. 8 చుక్కలుగా 8 వరుసలైనచో 64. ప్రక్క రెట్టింపైన, పని నాలుగు రెట్లగును.

ఉత్తరము వ్రాయునపుడు తెరపై మార్పు స్వల్పము గనుక ఈ భారము తెలియదు. ఆటలోనో, సెకనుకు 60 బొమ్మలు క్రొత్తగా గీయవలెను. 4కె తెరకు ఆ లెక్కన సెకనుకు సుమారు 50 కోట్ల చుక్కలకు రంగు నిర్ణయింపవలసి వచ్చును. ఫుల్ హెచ్‌డీకి 12 కోట్ల పైచిలుకు చాలును. కావున దోషము యంత్రమునది కాదు, మనము దానిపై మోపిన బరువుది.

ఈ బరువు తగ్గించుటకు మూడు మార్గములు కలవు. మొదటిది, ఆటలోని సెట్టింగులలోనే రిజల్యూషన్ తగ్గించుట. ‘రెండర్ స్కేల్’ అను అంశమున్నచో దానిని తగ్గించుట మరియు మేలు. దృశ్యము మాత్రమే చిన్నదిగా గీయబడి, ఆటలోని అక్షరములు స్పష్టముగా నిలుచును.

రెండవది, తెరనంతటిని మార్చుట. ఎక్స్ విండో పద్ధతిలో ఎక్స్‌ర్యాండ్‌ఆర్ అను ఆదేశము ఈ పని చేయును. వేలాండ్ పద్ధతిలో డెస్క్‌టాప్ సెట్టింగులలోనే మార్చుకొనవలెను. అయితే ఆట అర్ధాంతరముగా ఆగిపోయినచో తెర ఆ తక్కువ కొలతలోనే మిగిలిపోవచ్చును.

మూడవది గేమ్‌స్కోప్. వాల్వ్ సంస్థ 2022లో విడుదల చేసిన స్టీమ్ డెక్‌లో ఆటలను తెరకెక్కించునది ఇదియే. దీనికి రెండు కొలతలు తెలుపవలెను: చిన్న డబ్ల్యూ, చిన్న హెచ్ అక్షరములతో ఆటకు 1920, 1080, పెద్ద డబ్ల్యూ, పెద్ద హెచ్ అక్షరములతో తెరకు 3840, 2160. ఆట చిన్న కొలతలో గీయబడి పెద్ద తెరపై పరచబడును. డెస్క్‌టాప్ మాత్రము చెక్కుచెదరదు. మాకు ఉత్తమముగా తోచునది ఈ మార్గమే.

కొలతను ఎన్నుకొనుటలో ఒక జాగ్రత్త అవసరము. పూర్వపు పిక్చర్ ట్యూబువలె గాక, నేటి తెరలోని గడులు స్థిరమైనవి. కొలత సరిగా సగమైనచో ఒక్కొక్క చుక్క నాలుగు గడులలో ఇమిడిపోవును. 2560, 1440 ఎన్నుకొన్నచో ఒక చుక్క ఒకటిన్నర గడిపై పడును. అందుచే అంచులు మసకబారును. 2560, 1600 గల తెరకు సగము 1280, 800. సగము కుదరని చోట ఏఎమ్‌డీ సంస్థ 2021లో వెలువరించిన ఎఫ్‌ఎస్‌ఆర్ పద్ధతిని గేమ్‌స్కోప్‌లో ఎన్నుకొన్నచో అంచులు కొంత తేరుకొనును.

కొలత తగ్గించినను వేగము పెరగనిచో, అడ్డంకి గ్రాఫిక్స్ చిప్ వద్ద లేదనియు, ప్రాసెసర్‌లోనో మెమొరీలోనో వెదకవలెననియు గ్రహింపవలెను. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, పట్టు కాలము అయిదు నిమిషములు. క్రొత్త యంత్రమునకై అంగడికి బయలుదేరుటకు ముందు ఆ అయిదు నిమిషములు వెచ్చించుట గృహస్థునకు లాభమే.