దీపస్తంభమునకు చమురు పోయవలసినవారెవరు?



నేను పండితుడను కాను, వర్తకుడను. వర్తకుని కంట పడునవి సరకు, ధర, సుంకము. కావున అమెరికా దేశచరిత్రములోని యొక చిన్న ఘట్టమును వర్తకుని దృష్టితోనే తమకు మనవి చేసెదను.

కొట్టు ముందర దీపము పెట్టినవాడు ఆ వెలుగున నడచిపోవు బాటసారిని కాసు అడుగజాలడు. సముద్రతీరమందలి దీపస్తంభము సంగతియు నంతియే. దాని వెలుగు చందా యిచ్చిన యోడకును, ఈయని యోడకును సమానముగనే కనబడును. మరి చమురు ఖర్చు ఎవరు భరింపవలెను?

ఆ దేశము బ్రిటిషువారి వలసగా నున్నప్పుడు, మొదటి దీపస్తంభము 1716లో బోస్టను రేవు ముఖమున వెలసినది. వచ్చిపోవు నోడలపై టన్నునకు ఒక పెన్నీ వంతున వసూలు చేసి దానిని పోషించిరి. న్యూయార్కు వర్తకులు తమ యోడలు నష్టమగుట చూచి, ప్రభుత్వానుమతితో లాటరీ నడిపించి, ఆ సొమ్ముతో శాండీహుక్ అను చోట దీపస్తంభమును కట్టించిరి. 1764లో వెలిగిన ఆ కట్టడము నేటికిని నిలిచియున్నది. అయితే సొమ్ము న్యూయార్కు వారిది. నేల న్యూజెర్సీ వారిది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట న్యూయార్కువారు పొరుగువారి పడవలపై రుసుము విధింపగా, న్యూజెర్సీవారు కోపించి ఆ దీపస్తంభముపై పన్ను వేసిరి. పొరుగువారి తగవులో దీపమునకు శిక్ష పడినది!

ఇట్టి చిక్కులు తీర్చుటకు కొత్త రాజ్యాంగము ననుసరించి సమావేశమైన మొదటి కాంగ్రెసు, 1789 ఆగస్టు 7వ తేదీన, తన తొమ్మిదవ చట్టముగా దీపస్తంభముల చట్టమును చేసెను. అప్పటికింకను ఆర్థికశాఖయైనను ఏర్పడలేదు. దీపస్తంభములు, తేలుడు గురుతులు, రేవుకట్టలు మున్నగువాని పోషణవ్యయమంతయు దేశపు ఖజానానుండి చెల్లింపవలెనని నిర్ణయించిరి. అందులకు ప్రతిగా రాష్ట్రములు ఏడాదిలోగా వానిని, అవి నిలిచిన నేలను కేంద్రమునకు అప్పగింపవలెను. ఓడలపై టన్ను సుంకము వేరుచట్టమున నుండెను: స్వదేశపు టోడలకు టన్నునకు 6 సెంట్లు, పరదేశపు టోడలకు 50 సెంట్లు. కాని దీపమునకని ప్రత్యేకముగా వసూలు లేదు.

దీని ఫలమేమి? చెసపీక్ అఖాతపు ముఖమున దీపస్తంభము కట్టుటకు వర్జీనియా, మేరీలాండు వలసలు స్వాతంత్ర్యయుద్ధమునకు ముందే పూనుకొని రాళ్లు కూడ చేర్చినవి. యుద్ధముచే పని నిలిచిపోయెను. ఆ చోటనే, కేప్ హెన్రీ వద్ద, 1792లో కేంద్రప్రభుత్వము స్తంభమును పూర్తిచేసెను. గుత్త 15,200 డాలర్లు. ఇద్దరు పొరుగువారు పూర్తిచేయలేని పనిని ఉమ్మడి ఖజానా చేసెను.

అయినను అంతటితో వాదము తీరలేదు. దీపము అందరిది సరే. ఒక్క యూరి రేవు త్రవ్వుటకు దేశమంతటి సొమ్మేల యని ప్రశ్న పుట్టినది. 1846లో అధ్యక్షుడు పోల్కు నదుల, రేవుల బిల్లును త్రోసిపుచ్చెను. మరుసటి యేడు షికాగోలో వేలకొలది ప్రతినిధులు సభచేసి నిరసన తెలిపిరి. అబ్రహాం లింకను వారిలో నొకడు.

నాకు ఇరువురి మాటలోను న్యాయము తోచుచున్నది. రేవు ఒక యూరిదే. కాని ఆ రేవున దిగిన సరకు నూరూళ్లకు చేరును. వర్తకులమైన మనము ప్రభుత్వమునకు అర్జీ వ్రాయునప్పుడు మొదట మనలను మనమే ప్రశ్నించుకొనవలెను: ఇది నా కొట్టు ముందరి దీపమా, దారిపోవువారందరి దీపమా? మొదటిదైనచో నా చమురు నేను పోసికొందును. రెండవదైనచో అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. నా వంతు పన్ను కట్టుటకు వెనుదీయను రాదు.