తలమానికము వంటి కారు: క్రొత్తదా, పాతదా?

(సమాజ వార్షికోత్సవ సందర్భమున గావించిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు ఈ విషయమును నాకు నిర్ణయించి ప్రకటించినప్పుడు మిత్రులు కొందరు నవ్విరి. నెల జీతముపై కాలము గడుపు మనకు కోటిన్నర రూపాయల కారుతో పని యేమని వారి భావము. నవ్వదగిన మాటయే. అయినను గడచిన యేడాదిలో మన సభ్యులు ముగ్గురు నలుగురు వేరువేరుగా మా యింటికి వచ్చి అడిగిన ప్రశ్న యొక్కటే: “క్రొత్త మధ్యతరగతి కారు వెలకే ఏడెనిమిదేండ్ల నాటి ఎస్-క్లాస్ దొరకుచున్నది గదా, కొనవచ్చునా?” పదవీ విరమణ గ్రాట్యుటీ పరిమితి 2024 జనవరి నుండి 25 లక్షలైనది. ఆ సొమ్మును, యౌవనము నుండి మనస్సున దాచుకొన్న కోరికను ప్రక్కప్రక్కన నిలిపి చూచుకొను వయస్సు మనలో పలువురకు వచ్చినది. నేను ఆ కోరికను నా సొమ్ముతోనే తీర్చుకొన్నవాడను. అందుచేత మాటలాడుటకు నాకు కొంత అధికారము కలదని భావించుచున్నాను.

ప్రతి పెద్ద కార్ల సంస్థయు తన నేర్పునంతయు కూర్చి తలమానికముగా ఒక సెడానును నిర్మించును. మెర్సిడెస్ వారికి ఎస్-క్లాస్, బి.ఎం.డబ్ల్యు. వారికి 7 సిరీస్, ఆడి వారికి ఎ8, లెక్సస్ వారికి ఎల్.ఎస్. అట్టివి. వీనిని కేవలము ధనికుల వేడుక యని త్రోసివేయుట తగదు. చక్రములు బిగిసి జారకుండ కాపాడు ఏ.బి.ఎస్. బ్రేకు 1978లో ఎస్-క్లాస్‌లో వచ్చినది. మన దేశమున అమ్ముడగు క్రొత్త కార్లన్నిటికి అది తప్పనిసరి యగునప్పటికి 2019 వచ్చినది. డ్రైవరు ఎదుట విచ్చుకొను గాలిసంచి, మలుపులో బండి అదుపు తప్పకుండ నిలుపు ఈ.ఎస్.పి. కూడ ఈ దారినే వచ్చినవి. నేడు మన పిల్లలు నడుపు చిన్నకారులోని రక్షణ సాధనములలో పెక్కింటికి ఈ పెద్దకార్లే పుట్టినిండ్లు. పెద్దకారుపై మనుష్యుని మోజును గూర్చి హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమును చూచినవారికి నేను చెప్పనక్కరలేదు. నిజాముల 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ అక్కడ నిలిచియున్నది. మన తరమువారమో, 2014లో ఉత్పత్తి నిలిచిపోవువరకు తెల్లని అంబాసిడరునే పరమపదముగ తలచితిమి!

ఇక క్రొత్తకారు మాట. అందు సగము వ్యవహారము పన్నులది. 2025 సెప్టెంబరు 22కు పూర్వము ఈ తరగతి సెడానులపై జి.ఎస్.టి., సెస్సు కలిసి నూటికి 48 పడెడివి. నాటి నుండి సెస్సు పోయి 40 నిలిచినది. దానిపై రోడ్డు పన్ను, బీమా. పది లక్షలకు మించిన వాహనమైనచో విక్రేత నూటికి ఒకటి చొప్పున ఆదాయపు పన్ను ముందుగా వసూలు చేయును. అది మన లెక్కలో తరువాత సర్దుబాటగును. ఈ దేశములో కూర్చిన బండికిని, తయారై ఓడలో వచ్చిన బండికిని గల తారతమ్యము చిన్నది కాదు. నేటి తరము ఎస్-క్లాస్ 2021 జూన్‌లో దిగుమతియై వచ్చినప్పుడు ప్రారంభపు వెల 2 కోట్ల 17 లక్షలు. అదే సంవత్సరము అక్టోబరులో పుణె దగ్గరి చకన్‌లో కూర్చిన బండి వచ్చినప్పుడు ప్రారంభపు వెల 1 కోటి 57 లక్షలు. ఇంజను వేరే యైనను, నాలుగు మాసములు ఓపిక పట్టినవాడు మిగుల్చుకొన్నది మనలో పెక్కుమంది జీవితకాలపు పొదుపు.

క్రొత్తది కొనువారెవరు? ఎక్కువ భాగము కంపెనీలు, వ్యాపారులు. వారికి కారు తరుగుదల ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపదగినది. మూడు నాలుగేండ్లకు మార్చివేయుదురు. సెకండ్ హ్యాండ్ బజారులో ఈ కార్లు విస్తారముగ కనిపించుటకు కారణమిదియే. ఇంకొక మాట. ఈ కార్లలో యజమాని వెనుక కూర్చుండును, డ్రైవరు ముందు కూర్చుండును. కావున పాతకారు చూచువారు ముందు సీటు కంటె వెనుక సీటును, దాని మీటలను, తెరలను, కాళ్లు చాచుకొను యంత్రమును శ్రద్ధగ పరీక్షింపవలయును. తరిగినది అక్కడనే.

బీమావారి పట్టిక ననుసరించి కారు విలువ ఆరు నెలలు దాటగనే నూటికి 15, రెండవ యేట 20, మూడవ యేట 30, నాలుగవ యేట 40, అయిదవ యేట 50 వంతున తగ్గును. బజారులో ఈ జాతి కార్లు సాధారణముగ అంతకంటెను వేగముగ దిగును. ఇది చూచియే మన మనస్సు చలించును. కోటిన్నర వస్తువు పాతిక లక్షలకు వచ్చుచున్నదే యని! అయ్యా, కారు వెల దిగును గాని దాని విడిభాగముల వెల దిగదు. బండి వయస్సు ఎంతయైనను దాని మరమ్మతు కోటిన్నర కారు మరమ్మతే. ఈ చిన్న సత్యము తెలిసికొనుటకు నాకు రెండేండ్లు పట్టినది.

2018 ఫిబ్రవరిలో నేను 2011 నాటి డీజిలు కారొకటి కొంటిని. ఏ సంస్థదో, ఎవరు అమ్మిరో చెప్పను. తప్పులో నా పాలు తక్కువది కాదు. గోదావరి ఒడ్డున మా తండ్రిగారు విడిచిపోయిన పొలములో నా వంతు ఎకరము అమ్మగా వచ్చిన సొమ్ము చేతనుండెను. ఆ సొమ్ముతో ఇంటి అప్పు తీర్చుమని నా భార్య చెప్పినది. ఒక్కమారే చెప్పినది. ఉద్యోగములో నున్నవాడను గనుక 1964 నాటి ప్రవర్తన నియమావళి 18వ నియమము ననుసరించి పత్రము దాఖలు చేసితిని. రెండు నెలల మూలవేతనమునకు మించిన చరాస్తి కొన్నచో నెలలోపల తెలుపవలయునని మీకందరకు తెలిసినదే. మా పై అధికారి ఆ పత్రమును ఒకమారు, నన్ను ఒకమారు చూచి ఏమియు అనక సంతకము చేసినారు. ఆ చూపు నాకు చాల కాలము గుర్తున్నది.

మొదటి సంవత్సరము సుఖముగ గడచినది, కాదనను. ఆగ్రా దారిలో ఆ బండి పోవుచుండగా లోపల గడియారపు చప్పుడు వినవచ్చెడిది. మా అమ్మగారు వెనుక సీటులో నిద్రపోయినారు. రెండవ చలికాలమున, జనవరి మాసపు ఒక ఉదయము, క్వార్టరు ముందు బండి ముందుభాగము మోకాళ్లు వంచిన ఏనుగువలె నేలకు వంగి యుండెను.

దాని కారణము వినదగినది. ఈ కార్లలో ఉక్కు స్ప్రింగులకు మారు గాలి నింపిన రబ్బరు తిత్తులుండును. దీనినే ఎయిర్ సస్పెన్షన్ అందురు. ఏండ్లు గడచిన కొలది రబ్బరు బీటలు వారి గాలి మెల్లగ జారును. జారిన గాలిని నింపుటకు కంప్రెసరు మరల మరల తిరుగును. ఆ విధముగ విశ్రాంతి లేక తిరిగి తిరిగి అదియు కాలిపోవును. రబ్బరుతో మొదలైన జబ్బు యంత్రముతో ముగియును. ముందు ప్రక్క రెండు తిత్తులు, కంప్రెసరు కలిపి నాకు చెప్పిన ఖర్చు నాలుగు లక్షలు దాటినది. కశ్మీరీ గేటు బజారంతయు తిరిగితిని. పాత తిత్తి చవుకగ దొరకెను గాని అది ఎన్ని నెలలు నిలుచునో అమ్మువాడే చెప్పలేకపోయెను. ఇంటి అప్పు అట్లే యున్నది. దానిపై ఈ అప్పు చేరినది.

రెండవ తప్పు ఇంతకంటె పెద్దది. ఢిల్లీ ప్రాంతమున పదేండ్లు దాటిన డీజిలు కార్లు తిరుగరాదని జాతీయ హరిత న్యాయస్థానము 2015లోనే ఆదేశించియున్నది. అది మారునులెమ్మని నేను ధీమాగ నుంటిని. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. 2025 ఆగస్టులో ఆ న్యాయస్థానమే వయస్సు కారణముగ యజమానులపై కఠిన చర్యలు వలదని మధ్యంతర ఉత్తర్వు నిచ్చినది గాని, ఇట్టి ఉత్తర్వులు మారుచునే యుండును. మన రాజధానిలో నివసించువారు డీజిలు బండి చూచునప్పుడు దాని వెలకంటె ముందు దాని పుట్టిన తేదీ చూడవలయును. పెట్రోలు వారికి చిక్కు మరియొకటి. నేడు బంకులలో దొరకు పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు. దానికి తగిన రబ్బరు, గొట్టములు గల బండ్లు 2023 ఏప్రిల్ నుండి వచ్చుచున్నవి. అంతకు పూర్వపు బండి కొనువారు దాని పుస్తకములో ఏమి వ్రాసియున్నదో చదివి మరి కొనుడు.

ఇంతమాత్రమున పాతకారు కొననేరాదని నా యభిప్రాయము కాదు. రెండు మూడేండ్ల బండి, ఒక్క చేతిలోనే యుండినది, తయారీ సంస్థల వారే పరీక్షించి వారంటీతో అమ్మునది యైనచో అది నా దృష్టిలో క్రొత్తదానికంటె తెలివైన బేరము. మొదటి యజమాని భరించిన నష్టము మనకు లాభము. వెలలో నాలుగవ వంతు సొమ్ము వేరుగ బ్యాంకులో నుంచుకొనలేనివాడు మాత్రము దాని జోలికి పోరాదు. వ్యాపారి వద్ద కొన్నచో అతని లాభపు భాగముపై మాత్రమే 18 వంతుల జి.ఎస్.టి.; మనబోటి వ్యక్తి వద్ద కొన్నచో అదియు లేదు.

చూచుటకు పోవునప్పుడు ఇంజను వేడి చేసి యుంచవద్దని ముందే చెప్పుడు. చల్లని ఇంజను అబద్ధమాడదు. వీలైనచో సాయంకాలమొకమారు, మరునాటి ఉదయమొకమారు పోయి నాలుగు మూలల ఎత్తును పోల్చి చూడుడు. నేనాపని చేసియుండినచో నేడీ ప్రసంగమే యుండెడిది కాదు. కంప్యూటరు పెట్టి అన్ని భాగముల తప్పుల పట్టికను, అందు నమోదైన కిలోమీటర్లను తీయించుడు. ఎదుటి మీటరును వెనుకకు త్రిప్పినవాడు లోపలి పెట్టెలోని లెక్కను మరచిన సందర్భములు కలవు. 2015 డిసెంబరులో చెన్నపట్టణమును, 2020 అక్టోబరులో హైదరాబాదును వరదలు ముంచినప్పుడు వేలకొలది కార్లు నీటిలో నిలిచినవి. అట్టివి కడిగి తుడిచి దూరపు ఊళ్లకు అమ్మువారుందురు. సీటు బెల్టును చివరివరకు లాగి చూడుడు; మట్టి చార అక్కడ దాగియుండును. సీటు క్రింది ఇనుప పట్టాల త్రుప్పు చూడుడు. రెండవ తాళపు చెవి అడుగుడు. లేదన్నచో ఎందుకు లేదో అడుగుడు. కొన్న పదునాలుగు దినములలో బీమా మీ పేర మార్పించుకొనుడు. అమ్మినవాని నో-క్లెయిం రాయితీ అతనితో పోవును గాని బండితో రాదు.

పదునేడు అడుగులకు పైబడిన పొడవు గల ఈ వాహనమును మన క్వార్టర్లలో ఎక్కడ నిలుపుదురన్నది నాకు చేతకాని ప్రశ్న. దానిని మీ పొరుగువారికే విడిచిపెట్టుచున్నాను.

నా కారు ఏమైనదని కొందరు అడుగుచుందురు. 2020 చివర, పదేండ్లు నిండక మునుపే దానిని అమ్మజూపితిని. ఇతర రాష్ట్రమునకు నిరభ్యంతర పత్రముతో తీసికొనిపోవచ్చును గదా. విశాఖకు బదిలీయైన మన సమాజపు యువకుడొకడు, నన్ను మామయ్యగారూ అని పిలుచువాడు, ఎంతో ముచ్చటపడినాడు. అప్పటికి పాత తిత్తి వేయించి బండిని నిలబెట్టియుంటిని. చూచుటకు పెండ్లికొడుకువలె నుండెను. తిత్తుల మాట ఎత్తవలదనియు, ఆరు నెలలకు తక్కువ నిలువదనియు, ఆ తరువాత ఎవరి కర్మ వారిదనియు దళారి నాకు బోధించినాడు. అతడు చెప్పిన వెలకు నా ఇంటి అప్పు చాల భాగము తీరియుండును. రాత్రి నా భార్య నడుగగా, “వాడు మామయ్యగారూ అని పిలుచుట మానుకొనునేమో అడుగుడు” అని మాత్రము అన్నది.

మరునాడు ఆ బిల్లులన్నియు వాని చేతిలో పెట్టితిని. అతడు చాలసేపు చదివి, మడిచి, తిరిగి నాకిచ్చి, కాఫీ త్రాగి వెళ్లిపోయెను. విశాఖలో చిన్న క్రొత్తకారు కొన్నాడు. మా బండిని తుదకు వర్క్‌షాపు యజమాని ఒకడు విడిభాగముల కొరకని తీసికొనిపోయెను. అతడిచ్చిన సొమ్ము ఎంతో ఇక్కడ చెప్పను. అప్పు 2023 వరకు కట్టితిని. ఆ యువకుడు ఢిల్లీ వచ్చినప్పుడెల్ల మా యింటనే భోజనము చేయును. కారు మాట మాత్రము ఇరువురము ఎత్తము.