ముక్కు తెరుచుకుంది కదా అని మందు ఆపొద్దు
(రాజీవ్ ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల అవగాహన సమావేశంలో జిల్లా సమాచార అధికారి ప్రసంగ పాఠం)



ఈ రోజు షుగర్, బీపీ గురించి కాదు, ఒక అరుదైన ముక్కు జబ్బు గురించి చెప్తాను. పేరు రైనోస్క్లెరోమా. పలకడం కష్టమే. డాక్టర్‌తో చీటీ మీద రాయించి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొదట్లో అచ్చం సర్దిలాగే ఉంటుంది. ముక్కు దిబ్బడ, పక్కులు, చెడు వాసన. నెలలు గడిచినా తగ్గదు. తర్వాత లోపల గడ్డల్లా పెరుగుతుంది, రక్తం కూడా కారొచ్చు. చివరికి అది గట్టిపడి దారి మూసుకుపోతుంది. కొందరిలో గొంతులోకి, గాలిగొట్టంలోకి దిగుతుంది. ఊపిరి పీలుస్తుంటే ఈలలాంటి శబ్దం వచ్చి ఆయాసపడుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

పైకి చూస్తే టీబీ అనిపించొచ్చు, కుష్టు అనిపించొచ్చు. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తేనే తేలుతుంది. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న మాట నమ్మకండి.

ఇది మళ్లీ మళ్లీ ఎందుకొస్తుంది? 1882లోనే గుర్తించిన బ్యాక్టీరియా ఇది. మన ఒంట్లోని రక్షణ కణాలు దాన్ని మింగుతాయి గానీ చంపలేవు. ఆ కణాల్లోనే అది దాక్కుంటుంది. ఆపరేషన్‌తో దారి తెరుచుకుంటుంది, దాక్కున్న క్రిమి మాత్రం పోదు. అందుకే వారాలు, ఒక్కోసారి నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడాలి. మళ్లీ ముక్క పరీక్ష చేసి, క్రిమి లేదని డాక్టర్ చెప్పాకే ఆపాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెప్పాలి, కొన్ని మందులు వాళ్లకు పడవు.

ఇక పథకం సంగతి. 2023 డిసెంబర్ నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. మీకు రాసిన చికిత్స అందులోకి వస్తుందో లేదో నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర చూసి చెప్తారు. డిశ్చార్జ్ అప్పుడు ఇచ్చే మందులు మామూలుగా 10 రోజులకే. చిక్కంతా ఇక్కడే. మందులు అయిపోగానే జబ్బు కూడా అయిపోయిందనుకుంటాం! ఆ తర్వాత మందులు ఎక్కడ ఇస్తారో, మళ్లీ ఎప్పుడు రావాలో డిశ్చార్జ్ రోజే అడిగి రాయించుకోండి. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ చీటీ చూపించండి. హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. అనుమానాలుంటే 104కి ఫోన్ చేయండి.

ఇంట్లోవాళ్లకు అంటుతుందా అని అడుగుతారు. పక్కన కూర్చున్నంత మాత్రాన అంటేది కాదు, చాలాకాలం దగ్గరగా మెలిగితేనే ఆ అవకాశం. వాసన వస్తోందని మనిషిని దూరం పెట్టకండి. ఇంట్లో ఇంకెవరికైనా ముక్కు దిబ్బడ వదలకపోతే వాళ్లనూ చూపించండి.